టీచర్ గారి బండికి పన్నెండో నంబరు పుల్లలు

బందరు రోడ్డులో గేర్ల సైకిళ్ల షాపు పెట్టిన అన్నదమ్ములిద్దరు ఈమధ్య మా ఇంటికి వచ్చారు. ఇద్దరూ ఇంజినీరింగ్ చదివినవాళ్లు. పొద్దున్నే కృష్ణ ఒడ్డున సైకిల్ తొక్కేవాళ్లు ఇప్పుడు ఊళ్లో బాగా పెరిగారట. వాళ్లలో ఒళ్లున్నవాళ్లూ, సామాన్లు కట్టుకుని దూరాలు వెళ్లేవాళ్లూ కంపెనీ చక్రాలు నిలవడంలేదని, చేత్తో కట్టిన చక్రాలు కావాలని అడుగుతున్నారట. "ఎంత బరువుకి ఎంత లావు స్పోకు వేయాలో ఒక కాగితం మీద రాసివ్వండి అంకుల్, గోడకి అంటించుకుంటాం" అన్నారు.

రెండు రోజులు కూర్చున్నాను. ఆ కాగితం రాయలేకపోయాను. ఇంత బరువుకి ఇంత లావు అని రాయడం కష్టమేమీ కాదు. కానీ నా పనిలో నేను చేసిన రెండు పెద్ద తప్పులూ అలాంటి కాగితం ఒకటి నా బుర్రలో ఉండబట్టే చేశాను. అందుకని దాని బదులు ఇది రాస్తున్నాను. షాపు ఎన్నిసార్లు చేతులు మారింది, నాకు పెద్ద మెకానిక్ అన్న పేరు ఎప్పుడొచ్చింది, ఇవేవీ మీకు అక్కర్లేదు కాబట్టి వదిలేస్తున్నాను.

నేను విజయవాడ గవర్నర్‌పేటలో ఒక సైకిల్ షాపు వెనక గదిలో నలభై ఏళ్లు పైగా చక్రాలు కట్టాను. ముందు గదిలో కొత్త సైకిళ్లు అమ్మేవాళ్లు. పాలక్యాన్లు, చేపల బుట్టలు, చీరల మూటలు మోసే సైకిళ్లవాళ్లూ, మూడు చక్రాల బళ్లవాళ్లూ మాత్రం నేరుగా వెనక గదికి వచ్చేవాళ్లు. వాళ్లకి కొన్న చక్రం సరిపోదు. వాళ్ల కోసం విడిగా కట్టాలి.

ఖాదర్ బాబాయ్ ప్రశ్నలు

పని నేర్పింది ఖాదర్ బాబాయ్. మా నాన్న ఈడువాడు. స్పోకుల్ని మేం పుల్లలనేవాళ్లం. పుల్ల లావుని నంబరుతో చెబుతారు. నంబరు తగ్గేకొద్దీ పుల్ల లావవుతుంది. కొత్తగా వచ్చినవాళ్లు తికమకపడేది ఇక్కడే. మామూలు సైకిల్‌కి పద్నాలుగో నంబరు, అంటే రెండు మిల్లీమీటర్లు. బరువు మోసేదానికి పదమూడు. రిక్షాలకి పన్నెండు. కంటికి పెద్ద తేడా కనపడదు. రెండు వేళ్ల మధ్య పెట్టుకుని దొర్లిస్తే తెలుస్తుంది.

మొదటి ఏడాదంతా బాబాయ్ నాకు పుల్లలు ఎక్కించే పనే ఇచ్చాడు. చక్రం మధ్యలోని హబ్బు రంధ్రంలో పుల్ల దూర్చడం, ఒకదాని మీదుగా ఒకటి దాటించడం, పుల్ల కొసని రిమ్ముకి బిగించే చిన్న మరలు, నిప్పిళ్లు, తగిలించడం. చక్రం వంకర సరిచేసి బెండు తీసే పని ముట్టుకోనిచ్చేవాడు కాదు. నేను అల్లిన చక్రాన్ని స్టాండుకి తగిలించి, జంట పుల్లల్ని గుప్పిట్లో పట్టి పిసుకుతూ చుట్టూ వచ్చేవాడు. ఎక్కడైనా పట్టు తేడా ఉంటే ఆగి, నా చెయ్యి తీసుకుని అదే చోట పెట్టించేవాడు. మాటలతో చెప్పేవాడు కాదు. నాకు తెలిసిందాకా నా చెయ్యి అక్కడే ఉంచేవాడు.

మనిషి ఎవరొచ్చినా బాబాయ్ ముందు బరువు అడిగేవాడు కాదు. ఏ దారిన వెళ్తావు, ఎక్కడ మలుపు తిరుగుతావు, దిగి నడిపించే చోటు ఏమైనా ఉందా అని అడిగేవాడు. పాలవాళ్లు విసుక్కునేవాళ్లు. నాకూ చాదస్తమనిపించేది. బరువు తెలిస్తే నంబరు తెలిసిపోయినట్టే కదా అనుకునేవాడిని.

మంగళగిరి సాంబయ్య

సాంబయ్యది మంగళగిరి. నేత పని. నేసిన చీరలు మూటగట్టి, సైకిల్ వెనక కట్టుకుని, వారానికి రెండుసార్లు బ్యారేజీ మీదుగా గవర్నర్‌పేట హోల్‌సేల్ షాపులకి తెచ్చేవాడు. ఒకరోజు వెనక చక్రం వంకరపోయి, నడిపించుకుంటూ మా గదికి వచ్చాడు. పెళ్లిళ్ల రోజులు. సాయంత్రానికల్లా చక్రం కావాలన్నాడు.

ఆ వారం బాబాయ్ గుడివాడలో కూతురి కాన్పుకి వెళ్లాడు. పదమూడో నంబరు పుల్లలు అయిపోయాయి. మూడు రోజుల్లో సరుకు వస్తుంది. ఆ మాట సాంబయ్యకి చెప్పాను. ఆయన, "అప్పటిదాకా ఆగితే నా చీరలు ఎవరు కొంటారు అబ్బాయ్, ఏదో ఒకటి చూడు" అన్నాడు. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. గదిలో నేనొక్కడినే మెకానిక్‌ని. మూట బరువు ఎంతుంటుందో లెక్కేసుకుని, వెనక చక్రానికి నలభై పుల్లలు కదా, పద్నాలుగో నంబరుతోనే నడుస్తుందిలే అని కట్టిచ్చేశాను. చూడ్డానికి చక్కటి చక్రం. బెండు అన్నది లేదు. ఆయన సంతోషంగా వెళ్లాడు.

నెల తిరక్కుండానే పుల్లలు ఒక్కొక్కటే విరగడం మొదలుపెట్టాయట. తీరిక లేక, విరిగిన పుల్లని పక్క పుల్లకి మెలిపెట్టి తొక్కాడు. ఒకరోజు బ్యారేజీ దిగాక, అడ్డొచ్చిన ఆటోని తప్పించబోయి హ్యాండిల్ తిప్పేసరికి వెనక చక్రం మొత్తం మడత పడిపోయింది. మూటతో సహా రోడ్డు మీద పడ్డాడు. భుజం దగ్గర ఎముక విరిగింది.

ఈ సంగతి నూలు వ్యాపారి ఒకాయన షాపులో చెప్పాడు. అప్పటికి బాబాయ్ తిరిగొచ్చాడు. అంతా విన్నాడు. ఆ సాయంత్రం కూర్చుని పదమూడో నంబరుతో తనే ఒక చక్రం కట్టాడు. మర్నాడు పొద్దున ఆ చక్రం నా చేతికిచ్చి, నన్ను మంగళగిరి బస్సెక్కించి, తనూ ఎక్కాడు.

సాంబయ్య ఇంట్లో మగ్గం గుంట పక్కనే మంచం. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. ఆయన చెయ్యి మెడకి కట్టి ఉంది. ఇంకా నాలుగు నెలలు మగ్గం ముట్టుకోకూడదన్నారట. నేను నిలబడే, తప్పు నాదేనని చెప్పాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. నిదానంగా నా వంక చూశాడు.

"తొందర నాదే, కాదనను. కానీ నాకు చక్రాల సంగతి తెలీదు అబ్బాయ్. నీకు తెలుసు కదా" అన్నాడు.

తిరుగు బస్సులో బాబాయ్ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. కృష్ణ దాటాక అన్నాడు. "సామాను లేనప్పుడు లేదని చెప్పడం కూడా మన పనేరా ప్రకాశం."

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి నేను చెప్పగలిగింది ఇదే. మనుషులు తొందరపెడతారు. అది వాళ్ల తప్పు కాదు. వాళ్లకి తెలీని సంగతి మనకి తెలుసు కాబట్టే మన దగ్గరికి వస్తారు.

భయం ఎంచుకున్న పుల్ల

ఆ తర్వాత చాలా ఏళ్లు నా చెయ్యి లావు పుల్లల పెట్టె వైపే పోయేది. పద్నాలుగు చాలినచోట పదమూడు, పదమూడు చాలినచోట పన్నెండు. అడిగినవాళ్లకి, గట్టిగా ఉంటుందండీ, మళ్లీ చూసుకోనక్కర్లేదు అనేవాడిని. వాళ్లూ సంతోషించేవాళ్లు. లావుగా ఉన్నదాన్ని చూసి గట్టిదనుకోని మనిషిని నేను చూడలేదు.

పాలు పోసే ఒకాయన సైకిల్‌కి అలాగే పన్నెండో నంబరు వేశాను. హబ్బు రంధ్రాలు చాలకపోతే డ్రిల్లు పెట్టి పెద్దవి చేశాను. రిమ్ము మాత్రం మామూలుదే. మూడు నెలలకి ఆ చక్రం వెనక్కి వచ్చింది. ఒక్క పుల్ల కూడా విరగలేదు. నిప్పిళ్లు కూర్చున్న చోట రిమ్మే చీలిపోతోంది.

బాబాయ్ ఆ చీలికల మీద గోరు పెట్టి చూపించాడు. సన్న పుల్ల కాస్త సాగి, గుంతలో పడ్డ దెబ్బని పక్క పుల్లలకి పంచుతుంది. లావు పుల్ల సాగదు. వచ్చిన దెబ్బంతా రిమ్ము మీదికి తోసేస్తుంది. పుల్ల లావు పెంచితే రిమ్మూ, హబ్బూ దానికి తగ్గవి ఉండాలి. అవి కుదరకపోతే సన్నదే మేలు. ఇది చెప్పి, చివర్లో నెమ్మదిగా అన్నాడు.

"పుల్ల నువ్వు ఎంచుకోవడం లేదురా. నీ భయం ఎంచుకుంటోంది."

తర్వాత రెండేళ్లకి బాబాయ్ పోయాడు. నాకిప్పుడు అరవై ఆరు. ఇప్పటికీ ఏదైనా చక్రం చక్కగా కుదిరిందనిపిస్తే, ఒకసారి ఆయన గుప్పిట్లో పట్టి చూస్తే బాగుండుననిపిస్తుంది. బాగుందని ఆయన ఎప్పుడూ అనలేదు. చక్రం చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ అనకుండా పక్క పనిలోకి వెళ్లిపోయేవాడు. ఆ వెళ్లిపోవడం కోసం నేను ఎంత కష్టపడేవాడినో ఆయనకి తెలుసో లేదో.

సుగుణ టీచర్

నాకు నలభై దాటాక, ఒక ఆషాఢంలో, శనివారం పూట కూరగాయల వ్యాన్ ఒకటి మా షాపు ముందు ఆగింది. అందులోంచి చేత్తో తిప్పే మూడు చక్రాల బండి దింపారు. డ్రైవర్ పక్క సీట్లోంచి చంకకర్రలు ఊనుకుని ఒకావిడ దిగింది. పేరు సుగుణ కుమారి. ఉయ్యూరు అవతల కాలవ గట్టు మీద ఊరు. ఆ ఊరి బళ్లో టీచరు. చిన్నప్పుడు పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఎవరో దాతలు ఇచ్చిన బండి మీద రోజూ బడికి వెళ్లొస్తుంది. ఏడాదిలో నాలుగుసార్లు వెనక కుడి చక్రం పాడైంది. బాగు చేయించిన ప్రతిసారీ మళ్లీ అదే చక్రం.

విరిగిన పుల్లలన్నీ ఆవిడ దాచి తెచ్చింది. దారంతో కట్ట కట్టి, ఒక్కోదానికి చిన్న కాగితం ముక్క అతికించి, ఎక్కడ విరిగిందో రాసింది. నేను ఎన్నో వేల పుల్లలు చూశాను గానీ, విరిగినవాటిని అలా తెచ్చిన మనిషిని అదే మొదలు చూడడం. అన్నీ హబ్బు దగ్గర వంపులోనే విరిగాయి. సగానికి పైగా కాగితాల మీద ఒకటే మాట, "బడి మలుపు."

నేను దారి గురించి అడిగాను. ఆవిడ నవ్వి, "నోటితో అడిగితే జాగ్రత్తగానే నడుపుతానని చెబుతానండీ. వచ్చి చూడండి" అంది.

అప్పటికి తాత్కాలికంగా పుల్లలు వేసి పంపాను. తర్వాతి శుక్రవారం నాకు సెలవు. ఉయ్యూరు బస్సెక్కి, అక్కడ ఒక సైకిల్ అద్దెకి తీసుకుని, బడి వేళకి కాలవ గట్టు మీద నిలబడ్డాను. ఒక పక్క కాలవ, ఒక పక్క చెరకు. ఆవిడ రెండు చేతులతో తిప్పుకుంటూ వచ్చింది. నన్ను చూసి తలూపి, ఆగకుండా ముందుకు పోయింది. నేను వెనక తొక్కాను.

బడి గట్టుకి కింద ఉంది. రోడ్డు అక్కడ గట్టు మీద నుంచి నిటారుగా దిగి, అడుగున ఒక్కసారిగా ఎడమకి తిరుగుతుంది. ఆవిడ వాలు మొదట్లోనే తిప్పడం ఆపేసి, హ్యాండిల్ మాత్రం పట్టుకుని, బ్రేకు ముట్టుకోకుండా, ఒళ్లంతా ఎడమకి వంచి ఆ మలుపు తిరిగింది. కుడి చక్రం మూలిగిన చప్పుడు నాకు వినిపించింది. బడి గోడెక్కి కూర్చున్న పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను బ్రేకులు పట్టుకుని దిగేసరికి ఆవిడ గేటు లోపల ఉంది.

విషయం నాకు అర్థమైంది. రెండు చక్రాల సైకిల్ మలుపులో పక్కకి వాలుతుంది కాబట్టి బరువు చక్రం మీద నిలువుగానే పడుతుంది. మూడు చక్రాల బండి వాలదు. మలుపు తిరిగితే బరువంతా బయటివైపు చక్రాన్ని అడ్డంగా తోస్తుంది. ఆ తోపుకి సన్న పుల్ల వంపు దగ్గర అటూ ఇటూ ఆడి ఆడి విరుగుతుంది. గేటు దగ్గర ఆవిడకి అదే చెప్పాను. వాలులో కాస్త బ్రేకు పట్టుకుంటే ఈ పుల్లలే రెండేళ్లు వస్తాయన్నాను.

ఆవిడ తల తిప్పి ఆ వాలు వైపు చూసింది. తర్వాత అంది.

"పట్టుకోవచ్చండీ. కానీ రోజు మొత్తమ్మీద నేను పరిగెత్తేది అక్కడొక్కచోటే."

తిరిగి వస్తూ బస్సులో ఆ మాటే తలుచుకున్నాను. నేను చూడ్డానికి వెళ్లింది ఆ మనిషిని నెమ్మదిగా నడిపించడం ఎలాగని. చేయాల్సిన పని, ఆవిడ ఆ మలుపు అలాగే తిరిగేట్టు చక్రం కట్టడం. నా పనిలో పన్నెండో నంబరుని భయంతో కాకుండా, తెలిసి ఎంచుకోవడం అదే మొదటిసారి. రిక్షా రిమ్ములు తెప్పించాను. అంచులు వెడల్పుగా ఉండే రిక్షా హబ్బులు తీసుకున్నాను. పుల్లలు దాటే చోటల్లా సన్నటి తీగ చుట్టి టంకం వేశాను. వెనక రెండు చక్రాలకీ మూడు రోజులు పట్టింది.

బండి తీసుకెళ్లేటప్పుడు ఆవిడతో, "ఇక విరగవండీ. ఏడాదికోసారి వేసవి సెలవుల్లో తెచ్చి చూపించండి, చాలు" అన్నాను. గొప్పగానే అన్నాను.

మే నెల

విజయవాడలో మే నెల అంటే ఎవరికీ ఇష్టం ఉండదు. నాకు మాత్రం దాదాపు ఇరవై ఏళ్లు ఆ నెల కోసమే మిగతా నెలలు గడిచేవి. బడులు మూశాక ఏదో ఒక రోజు కూరగాయల వ్యాన్ ఆగేది. ఏ రోజో ముందు తెలిసేది కాదు. అందుకని మే నెలలో నేను సెలవు పెట్టేవాడిని కాదు.

చక్రాల్లో చేయడానికి ఏమీ ఉండేది కాదు. రెండు మూడు పుల్లలు కాస్త బిగించడం, బేరింగుల్లో గ్రీజు మార్చడం, అరగంట పని. వ్యాన్ మళ్లీ మధ్యాహ్నం మూడింటికి గాని రాదు. అప్పటిదాకా ఆవిడ గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చునేది. పక్క కొట్టునుంచి మజ్జిగ తెప్పించేవాడిని. ఆవిడ తన పిల్లల గురించి చెప్పేది. పిల్లలంటే బడి పిల్లలు. ఎవరికి లెక్కలు వచ్చాయి, ఎవరు చెరకు కోతకి వెళ్లి బడి మానేశారు, వాళ్ల ఇంటికి వెళ్లి ఎలా లాక్కొచ్చింది. నేను చక్రం తిప్పుతూ వినేవాడిని. ఒక ఏడాది ఎండ మరీ ఎక్కువగా ఉందని, ఆ వెనక గదికి ఇంకో ఫ్యాను పెట్టించాను. షాపులో అందరూ నాకు వయసు మీద పడిందనుకున్నారు.

నా భార్య పెళ్లైన నాలుగో ఏట జబ్బుచేసి పోయింది. పిల్లలు లేరు. మళ్లీ ఆ ఆలోచన చేయలేదు. సుగుణ టీచర్ గారిని ఏదైనా అడగాలని నాకు ఒక్కసారి కాదు, చాలాసార్లు అనిపించింది. ఆవిడ చదువుకున్న మనిషి. నేను తొమ్మిదో తరగతి. ఆవిడ చర్చికి వెళ్తుంది, మా ఇంట్లో వ్రతాలు. ఇవన్నీ కారణాలేనని చెప్పుకునేవాడిని. అసలు కారణం నాకు ధైర్యం లేకపోవడం. ఈ ఏడాది అడుగుదామనుకుని, చక్రం విప్పి, బిగించి, వ్యాన్ హారన్ వినగానే బండి ఎక్కించి పంపేవాడిని. తర్వాత మళ్లీ పదకొండు నెలలు.

ఆ చక్రాల గురించి మాత్రం అందరికీ చెప్పుకునేవాడిని. ఒక్క పుల్ల విరగలేదని, నా చేతి పని అని.

మారిన రోడ్డు

నా రెండో పెద్ద తప్పు ఇక్కడుంది. మొదటి తప్పుకంటే ఇది చెప్పడం కష్టం. దీన్లో ఎవరూ కింద పడలేదు, నన్ను ఎవరూ నిలదీయలేదు.

పదో ఏటో పదకొండో ఏటో ఆవిడ మాటల్లో చెప్పింది. గట్టు రోడ్డుకి సిమెంటు వేశారు. ఆ వాలు తవ్వి సాఫీ చేశారు. బడి గేటు ఇవతలికి మార్చారు. ఇప్పుడు ఆ మలుపే లేదు. "పిల్లలు కూడా గోడెక్కడం మానేశారండీ" అంది. నేను అయ్యో అన్నాను. పుల్లలు బిగించి పంపాను.

తర్వాతి ఏళ్లలో స్టూలు మీద కూర్చుని కుడి భుజం నొక్కుకునేది. అదీ చూశాను. కానీ ఆ భుజానికీ, ఆ రోడ్డుకీ, నా చక్రాలకీ మధ్య సంబంధం నాకు తట్టలేదు. రిక్షా రిమ్ములు, రిక్షా హబ్బులు, లావు పుల్లలు, వాటికి తగ్గ టైర్లు. మామూలు చక్రాలకి రెట్టింపు బరువు. ఇంటి దగ్గర్నుంచి గట్టు ఎక్కే చోట ఆ బరువంతా రోజూ చేతులతో తోసుకోవాలి. మలుపు ఉన్నన్నాళ్లూ ఆ బరువుకి అర్థం ఉంది. మలుపు పోయాక లేదు. పదమూడో నంబరుతో, తేలికపాటి రిమ్ములతో మళ్లీ కట్టి ఉంటే సగం కష్టం తగ్గేది. ఖాదర్ బాబాయ్ అయితే రోడ్డు మాట వినగానే చేతిలో పని ఆపేవాడు.

అందుకే చెబుతున్నాను. పుల్ల ఎంచుకోవడం ఒక్కసారితో అయిపోదు. మనిషి మళ్లీ వచ్చినప్పుడు చక్రాన్ని చూసే ముందు మనిషిని చూడండి. ఇప్పుడు ఎక్కడికి వెళ్తున్నారో మళ్లీ అడగండి. చక్రం విరక్కపోతే మన పని సరిగ్గా ఉన్నట్టేనని నేను అనుకున్నాను. విరగని చక్రం మనల్ని ఏమీ అడగదు. మనమే అడగాలి.

గట్టు కింద ఇల్లు

నిరుడు ఏప్రిల్‌లో మా షాపు మూసేశారు. అక్కడ ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. మే వస్తోంది. వ్యాన్ వచ్చి ఆగితే, షాపు లేదని ఆవిడకి ఎవరు చెబుతారని అనిపించింది. ఫోన్ చేస్తే సరిపోయేది. నంబరు కూడా ఉంది. నేను ఉయ్యూరు బస్సెక్కాను.

ఇంటి ముందు అట్టపెట్టెలు కట్టి ఉన్నాయి. ఆవిడ వరండాలో కుర్చీలో కూర్చుని పాత పుస్తకాలు ఏరుతోంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక నవ్వింది. ఆ నెలతోనే రిటైరైందట. భుజం అరిగిపోయిందని, ఇక చేతిబండి తిప్పొద్దని డాక్టరు చెప్పాడట. విశాఖపట్నంలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతోంది. అక్కడ బ్యాటరీ కుర్చీ తీసుకుంటారట. "ఈసారి మే నెలకి రాలేనని మీకు ఫోన్ చేద్దామనే అనుకుంటున్నానండీ. నిన్నా అనుకున్నాను, మొన్నా అనుకున్నాను" అంది.

బండి వరండా చివర ఉంది. దాన్ని చూస్తూ, నేను చెప్పదలుచుకున్నది చెప్పేశాను. ఆ మలుపు పోయినప్పుడే చక్రాలు మార్చాల్సిందని, తేలికవి కట్టి ఉంటే భుజం నొప్పి ఇంతదాకా వచ్చేది కాదేమోనని, విరగలేదన్న గొప్పలో పడి ఆ ఆలోచనే చేయలేదని. మంగళగిరిలో సాంబయ్య ముందు నిలబడ్డట్టే నిలబడ్డాను.

ఆవిడ పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుంది.

"తేలికవి కట్టి ఉంటే ఎప్పుడో ఒకప్పుడు విరిగేవి కదండీ?"

"విరిగేవేమోనండీ. రెండేళ్లకో మూడేళ్లకో ఒకటి."

"విరిగితే మే దాకా ఆగకుండా వచ్చేదాన్ని" అంది. ఒళ్లో పుస్తకం పక్కన పెట్టి, "ప్రతి ఏడూ సెలవులివ్వగానే పుల్లలన్నీ తడిమి చూసుకునేదాన్ని, ఒక్కటైనా విరిగిందేమోనని" అంది.

అడగాల్సింది, అడగగలిగిన వయసులో నేను అడగలేదు. ఆవిడ లోపలికి కేకేసి, సామాన్లు సర్దుతున్న పక్కింటావిడ చేత టీ పెట్టించింది. టీ తాగాక, ఒకసారి చక్రాలు చూడనా అని అడిగాను. ఆ బండి ఇంక ఎక్కడికీ వెళ్లదని ఇద్దరికీ తెలుసు. "చూడండి" అంది.

రెంచీ జేబులోనే ఉంది. బండిని పక్కకి వాల్చి, నేల మీద కూర్చుని కుడి చక్రం తిప్పాను. బెండు లేదు. జంట పుల్లల్ని గుప్పిట్లో పట్టుకుని ఒక్కో జతా చూసుకుంటూ చుట్టూ వచ్చాను. బిగించాల్సింది ఒక్కటీ లేదు. ఎడమ చక్రం కూడా అలాగే చూశాను. ఆవిడ కుర్చీ దగ్గరికి జరుపుకుని, చివరి ఏడు తన తరగతిలో ఉన్న పిల్లల గురించి చెప్పడం మొదలుపెట్టింది. నేను మళ్లీ కుడి చక్రం దగ్గరికి వచ్చాను.

నేను వెనక్కి ఎక్కాల్సిన మూడింటి బస్సు గట్టు మీద హారన్ కొట్టి, ఆగి, వెళ్లిపోయింది. ఇద్దరం విన్నాం. బస్సు వెళ్లిపోయిందని ఇద్దరిలో ఎవరమూ అనలేదు.